బరువు తగ్గే ఆపరేషన్: డాక్టరు గీత ఒకచోట, బీమా గీత ఇంకోచోట

158 సెంటీమీటర్ల ఎత్తు, 95 కిలోల బరువు ఉన్న ఒక మహిళ అనుకుందాం. బీఎంఐ (కిలోల బరువును మీటర్లలో ఎత్తుతో రెండుసార్లు భాగిస్తే వచ్చే అంకె) 38. బీపీకి మాత్రలు వాడుతోంది, మోకాళ్ల నొప్పులున్నాయి, స్కానింగులో ఫ్యాటీ లివర్ అని వచ్చింది. బరువు తగ్గించే ఆపరేషన్లు చేసే బేరియాట్రిక్ సర్జన్ చూసి ఆపరేషన్ చేయించుకోవచ్చు అంటారు. అక్కడి నుంచి ఇన్సూరెన్స్ డెస్కుకు వెళితే, ‘మీ పాలసీలో ఇది రాదమ్మా’ అంటారు. ఇద్దరూ చెప్పింది నిజమే. ఎవరి చేతిలోని కొలబద్ద వారిది. ఈ ఆపరేషన్ చుట్టూ జరిగే గందరగోళంలో, డబ్బు నష్టంలో చాలా భాగం ఈ రెండు కొలబద్దల తేడా ముందే తెలియకపోవడం వల్ల వచ్చేదే.

పాత కొలబద్ద 1991 నాటిది. అమెరికా నేషనల్ ఇన్‌స్టిట్యూట్స్ ఆఫ్ హెల్త్ ఆ ఏడాది ఒక గీత గీసింది: బీఎంఐ 40 దాటితే ఆపరేషన్, లేదా 35 దాటి ఊబకాయంతో ముడిపడిన తీవ్రమైన జబ్బు తోడైతే ఆపరేషన్. అప్పట్లో పొట్ట పెద్దగా కోసి చేసేవారు, ముప్పు ఎక్కువ, అందుకే గీత పైన ఉంది. తర్వాత చిన్న రంధ్రాల గుండా చేసే లాప్రోస్కోపీ వచ్చింది, ముప్పు బాగా తగ్గింది. 2022లో అమెరికా బేరియాట్రిక్ సర్జన్ల సంఘం, అంతర్జాతీయ సమాఖ్య ఇఫ్సో కలిసి కొత్త మార్గదర్శకాలు ఇచ్చాయి. వాటి ప్రకారం 35 దాటితే వేరే జబ్బులున్నా లేకపోయినా ఆపరేషన్ సూచించవచ్చు. 30 నుంచి 35 మధ్య షుగరు లాంటి మెటబాలిక్ జబ్బు ఉంటే ఆలోచించవచ్చు. ఆసియా వాళ్లకు 27.5 నుంచే ఆ అవకాశం ఇవ్వవచ్చు. మనవాళ్లకు గీత కిందికి జరగడానికి కారణం ఉంది. అదే బీఎంఐ దగ్గర మన పొట్టలో, కాలేయంలో కొవ్వు ఎక్కువ పేరుకుంటుంది, షుగరు తొందరగా వస్తుంది.

బీమా కంపెనీలు పట్టుకున్నది మాత్రం పాత కొలబద్దనే. 2019 వరకు చాలా పాలసీల్లో ఊబకాయ చికిత్స మొత్తంగా మినహాయింపు. ఆ ఏడాది సెప్టెంబరులో బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ మినహాయింపుల భాషను అన్ని కంపెనీలకూ ఒకే తీరుగా మార్చింది. మీ పాలసీ పుస్తకంలో ‘ఎక్స్‌క్లూజన్ 06’ అనే కోడ్ వెతకండి. అందులోని షరతులన్నీ తీరితేనే డబ్బు: డాక్టరు సలహా మీద జరగాలి, వైద్య ప్రమాణాలకు లోబడిన ఆపరేషన్ అయి ఉండాలి, వయసు 18 నిండాలి, బీఎంఐ 40 లేదా ఆపైన ఉండాలి. 40 లేకపోతే కనీసం 35 ఉండి, ఆపరేషన్ కన్నా చిన్న పద్ధతులతో బరువు తగ్గడంలో విఫలమై, నాలుగు జబ్బుల్లో ఏదో ఒకటి ఉండాలి. ఆ నాలుగు ఇవి: ఊబకాయం వల్ల గుండె కండరం దెబ్బతినడం, కరోనరీ (గుండె రక్తనాళాల) జబ్బు, తీవ్రమైన స్లీప్ ఆప్నియా (నిద్రలో శ్వాస ఆగడం), అదుపులో లేని టైప్ 2 షుగరు.

ఇప్పుడు మొదటి మహిళ లెక్క మళ్లీ చూడండి. 158 సెంటీమీటర్ల ఎత్తుకు బీఎంఐ 40 అంటే దాదాపు 100 కిలోలు, 35 అంటే 87 కిలోల పైచిలుకు, 30 అంటే 75. సర్జన్ లెక్కన 88 కిలోలకే, జబ్బుల ఊసు లేకుండా, ఆమె అర్హురాలు. బీమా లెక్కన 88 నుంచి 99 కిలోల దాకా ఆ నాలుగింటిలో ఒకటి ఉంటే తప్ప రాదు. బీపీ ఆ జాబితాలో లేదు. మోకాళ్ల అరుగుదల లేదు. పీసీఓడీ లేదు, ఫ్యాటీ లివర్ లేదు, థైరాయిడ్ లేదు. మన ఆడవాళ్లను ఆపరేషన్ దాకా తెచ్చే బాధలు తరచూ ఇవే, జాబితాలో లేనివీ ఇవే.

ఇక్కడే ఒక పాడు సలహా వినిపిస్తుంది: ‘ఇంకో ఐదు కిలోలు పెరిగి రండి, క్లెయిమ్ వచ్చేస్తుంది’ అని. వద్దు. బరువుతోపాటు కాలేయం ఉబ్బుతుంది, మత్తు ఇచ్చేటప్పుడు ముప్పు పెరుగుతుంది. పైగా మూడు నెలల కిందటి ఓపీ చీటీ మీద 95 అని ఉంటే, ఈ ఐదు కిలోల కథ కంపెనీకి మొదటి పది నిమిషాల్లోనే అర్థమవుతుంది.

జాబితాలోని జబ్బు నిజంగానే ఉండి, దాన్ని ఎవరూ పరీక్షించకపోవడం మాత్రం తరచూ జరుగుతుంది. గట్టిగా గురక పెట్టేవారు, పగలు కూర్చున్నచోటే కునుకు తీసేవారు నిద్ర పరీక్ష చేయించుకోవాలి. గంటకు 30 లేదా అంతకు మించి శ్వాస ఆగడం, సన్నగిల్లడం జరిగితే దాన్ని తీవ్రమైన స్లీప్ ఆప్నియా అంటారు. రిపోర్టులో ఆ అంకె ఉండాలి. ‘గురక ఉంది’ అని డాక్టరు రాసిన మాట చాలదు. షుగరు విషయంలో ‘అదుపులో లేదు’ అంటే ఎంత అన్నది ఆ నిబంధనలో అంకెగా రాసి లేదు. కాబట్టి మూడు నెలల సగటు షుగరు చూపే హెచ్‌బీఏ1సీ కాగితం ఒక్కదానితో సరిపెట్టకండి. ఏడాదిలో మూడు నాలుగు సార్లు చేయించిన రిపోర్టులు, ఆ కాలంలో మందులు పెంచుతూ వచ్చిన చీటీలు పక్కపక్కన పెడితే, మందులు వాడుతున్నా షుగరు దిగలేదన్న సంగతి కాగితమే చెబుతుంది.

‘చిన్న పద్ధతులు విఫలమవడం’ కూడా అలాంటిదే. ఎన్ని నెలలు ప్రయత్నించాలో నిబంధనలో లేదు, రుజువు మాత్రం అడుగుతారు. జిమ్ రసీదు, వాట్సాప్‌లో వచ్చిన డైట్ చార్ట్ పెద్దగా పనికిరావు. ఆసుపత్రి డైటీషియన్ దగ్గర తేదీ, బరువు, సూచన రాయించుకున్న ఓపీ చీటీలు నెలకొకటి చొప్పున ఆరు ఉంటే బలం. ఆపరేషన్ ఆలోచన మనసులో పడ్డ రోజు నుంచే ఈ ఫైలు మొదలుపెట్టాలి. అడ్మిషన్‌కు వారం ముందు వెతుక్కుంటే దొరికే కాగితాలు కావివి.

ఏ రోజు బరువును లెక్కలోకి తీసుకుంటారన్నది ఇంకో చిక్కు. ఆపరేషన్‌కు ముందు రెండు వారాలు రోజుకు 800 నుంచి 1000 కేలరీల పథ్యం పెడతారు. కాలేయం కుంచించుకుపోతే దాని చాటున ఉన్న జీర్ణాశయం పైభాగం సర్జన్‌కు బాగా అందుతుంది. ఆ రెండు వారాల్లో నాలుగైదు కిలోలు తగ్గడం మామూలే. మొదటి కన్సల్టేషన్ నాడు 102 కిలోలు, అంటే బీఎంఐ 40.9 ఉన్న మనిషి 97 కిలోలతో అడ్మిట్ అయితే అది 38.9. కేస్ షీటులో నర్సు రాసే బరువు ఇదే. అందుకని పథ్యం మొదలుపెట్టక ముందే ఎత్తు, బరువు, బీఎంఐ, తేదీతో సర్జన్ లెటర్‌హెడ్ మీద రాయించుకుని, ఆ కాగితంతో కంపెనీకి ప్రీ-ఆథరైజేషన్ (ముందస్తు అనుమతి) అభ్యర్థన పంపించాలి. తర్వాత తగ్గిన బరువు ఆపరేషన్ కోసం పెట్టిన పథ్యం వల్లనేనని కేస్ షీటులోనూ, డిశ్చార్జ్ సమ్మరీలోనూ ఒక వాక్యం ఉండాలి. ఎత్తు కూడా జాగ్రత్త. ఒకచోట 158, ఇంకోచోట 160 రాస్తే అదే వంద కిలోల మనిషి బీఎంఐ 40 నుంచి 39కి పడిపోతుంది. చెప్పులు విప్పి, ఒకే చోట కొలిపించుకోండి.

ఇవన్నీ ఉన్నా వెయిటింగ్ పీరియడ్ గడవాలి. చాలా పాలసీల్లో బేరియాట్రిక్ ఆపరేషన్‌కు విడిగా రెండు మూడేళ్ల గడువు రాసి ఉంటుంది. పాలసీ తీసుకునే నాటికే ఉన్న జబ్బులకు గరిష్ఠ గడువును 2024లో 48 నెలల నుంచి 36 నెలలకు తగ్గించారు. అసలు ప్రమాదం ప్రపోజల్ ఫారంలో ఉంటుంది. ప్రీమియం పెరగకూడదనో, మెడికల్ టెస్టు తప్పించాలనో ఏజెంటు 95 కిలోల చోట 72 అని రాసేస్తాడు, మనం ఓటీపీ చెప్పేస్తాం. నాలుగేళ్ల తర్వాత క్లెయిమ్ వేసినప్పుడు ఆ 72 బయటికి వస్తుంది. ఇది సమాచారం దాచడం కిందికి వస్తుంది, అప్పుడు ఆపరేషన్ డబ్బుతోపాటు పాలసీ కూడా పోవచ్చు. అరవై నెలలు ఆగకుండా ప్రీమియం కట్టాక ఇలాంటి కారణంతో క్లెయిమ్ కొట్టేయకూడదన్న నియమం ఉంది గానీ, మోసం రుజువైతే దానికి ఆ రక్షణ లేదు. మీ ప్రపోజల్ కాపీ ఒకసారి తీసి చూడండి. తప్పుంటే ఇప్పుడే రాతపూర్వకంగా సరిచేయించండి.

ఉద్యోగుల గ్రూప్ పాలసీ ఉన్నవారికి దారి కాస్త సులువు. చాలా కంపెనీలు వెయిటింగ్ పీరియడ్ ఎత్తేస్తాయి. అయితే బేరియాట్రిక్‌కు విడిగా పరిమితి పెట్టారా, భార్యాభర్తలకు, తల్లిదండ్రులకు కూడా వర్తిస్తుందా అన్నది హెచ్‌ఆర్‌ను మెయిల్‌లో అడిగి, జవాబు మెయిల్‌లోనే తెప్పించుకోండి. ఉద్యోగం మానేస్తే ఆ కవర్ పోతుంది. ఆపరేషన్‌కూ ఉద్యోగం మార్పుకూ మధ్య కొన్ని నెలలైనా ఎడం ఉంచండి, తర్వాత వచ్చే చిక్కులకు కూడా అదే పాలసీ అక్కరకు వస్తుంది. ప్రభుత్వ పథకాల కార్డు ఉన్నవారు పరిమితి లక్షల్లో ఉంది కదా అని ధీమా పడకూడదు. ఆ పథకాలు నడిచేది చికిత్సల కోడ్ జాబితా మీద. ఆపరేషన్ పేరు చెప్పి, జాబితాలో కోడ్ ఉందో లేదో ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్ర చేత చూపించమనండి. కోడ్ లేకపోతే పరిమితి ఎంతున్నా రూపాయి రాదు.

బిల్లు ఎక్కడ పెరుగుతుంది

హైదరాబాద్, విజయవాడ, విశాఖ కార్పొరేట్ ఆసుపత్రుల్లో జీర్ణాశయాన్ని సన్నని గొట్టంలా చేసే స్లీవ్ ఆపరేషన్‌కు సాధారణంగా రెండున్నర నుంచి ఐదు లక్షల దాకా చెబుతారు, పేగును దాటించే బైపాస్‌కు (గుండె బైపాస్ కాదు) ఇంకొంచెం ఎక్కువ. ఇంత తేడా ఎందుకంటే, ఇందులో పెద్ద ఖర్చు స్టేప్లర్‌ది. జీర్ణాశయాన్ని ఒకేసారి కోస్తూ కుట్టే పరికరం అది. ఒక్క స్లీవ్‌కే నాలుగు నుంచి ఆరు కార్ట్రిడ్జులు (పిన్నుల డబ్బీలు) పడతాయి, ఒక్కోటీ ఖరీదైనది, ఒకసారి వాడి పారేయాల్సినది. ప్యాకేజీ చవకగా కనిపిస్తే అడగాల్సిన మొదటి ప్రశ్న: ఎన్ని కార్ట్రిడ్జులు కలిపారు, ఎక్కువ పడితే ఎవరు భరిస్తారు? రెండోది: స్టేప్లర్, రక్తం కారకుండా కోసే ఎనర్జీ పరికరం కొత్తవా, శుభ్రం చేసి మళ్లీ వాడేవా? మూడోది అన్నిటికన్నా ముఖ్యం: కుట్టు దగ్గర లీకైతే, రక్తస్రావమైతే, మళ్లీ థియేటర్‌కు తీసుకెళ్లాల్సి వస్తే ఆ ఖర్చు ప్యాకేజీలో ఉందా? స్లీవ్ తర్వాత లీకు వందలో ఒకరికి అటూఇటూగా జరిగే విషయం. జరిగితే మాత్రం ఐసీయూ, సీటీ స్కాన్లు, ఎండోస్కోపీ స్టెంటు, వారాల తరబడి పడక. అసలు ప్యాకేజీ కంటే అది పెద్ద బిల్లు. ముప్పై రోజుల్లోపు వచ్చే చిక్కులకు ఎవరు కడతారో రాయించుకోండి.

క్యాష్‌లెస్‌లో గది అద్దె ఉచ్చు ఒకటుంది. ఐదు లక్షల పాలసీకి గది పరిమితి ఒక శాతం, అంటే రోజుకు 5,000 అనుకోండి. మీరు 10,000 గదిలో చేరితే తేడా 5,000తో పోదు. సర్జన్ ఫీజు, థియేటర్ ఛార్జీలు, మత్తు డాక్టరు ఫీజు కూడా అదే నిష్పత్తిలో సగానికి కోస్తారు. మందులు, ఇంప్లాంట్లు, పరీక్షలు, వాడి పారేసే సామాగ్రి మీద ఈ కోత వేయకూడదని నియమం ఉంది. బిల్లులో వేశారేమో చూడండి. గ్లవ్స్, గౌన్లు లాంటి ‘చెల్లించని వస్తువుల’ జాబితా వేరు, అది మీ జేబులోంచే.

బీమా రాని వాళ్లకు ఆసుపత్రిలోనే ఫైనాన్స్ కంపెనీ మనిషి ఎదురవుతాడు. మూడున్నర లక్షలు, 14 శాతం వడ్డీ, మూడేళ్లు అంటే నెలకు దాదాపు 11,960. మొత్తం వడ్డీ 80 వేలు దాటుతుంది. ‘నో కాస్ట్ ఈఎంఐ’ అన్నా ప్రాసెసింగ్ ఫీజు, నగదుకు ఇచ్చే డిస్కౌంటు వదులుకోవడం రూపంలో వడ్డీ ఎక్కడో దాగుంటుంది. సంతకం పెట్టే ముందు అన్ని ఛార్జీలూ కలిపిన ఏడాది వడ్డీ రేటు చూపే ‘కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్’ అడిగి తీసుకోండి. ఇంట్లో బంగారం ఉంటే ఆ లోను తరచూ వ్యక్తిగత రుణం కన్నా చవక పడుతుంది. ఆపరేషన్ వాయిదా పడితే లోను రద్దవుతుందా అన్నది కూడా అడగాల్సిందే. ఎండోస్కోపీలో ఏదో కనబడి తేదీ మారడం అరుదేమీ కాదు.

ఇక ఏటా మిగిలే ఖర్చు. విటమిన్లు, ఐరన్, కాల్షియం, బీ12, మొదట్లో ప్రొటీన్ పొడి. వీటికి నెలకు వెయ్యి, రెండు వేలు పక్కన పెట్టుకోవాలి. మూడు, ఆరు, పన్నెండు నెలలకు, ఆ తర్వాత ఏటా రక్త పరీక్షలు. ఇవన్నీ ఓపీ ఖర్చులు, ఎక్కువ పాలసీల్లో రావు. బాగా బరువు తగ్గాక వేలాడే చర్మం తీసే ఆపరేషన్‌ను అందం కోసం చేసేదిగా లెక్కేస్తారు, అదీ రాదు.

ఏ ఆపరేషన్, ఎవరికి

స్లీవ్‌లో జీర్ణాశయంలో 75 నుంచి 80 శాతం తీసేసి సన్నని గొట్టంలా మిగులుస్తారు. పేగుల జోలికి పోరు, అందుకే ఇది ఎక్కువగా జరుగుతుంది. దీని బలహీనత ఛాతీ మంట. అంతకుముందే రిఫ్లక్స్ (కడుపులోని ఆమ్లం పైకి తన్నడం) గట్టిగా ఉన్నవాళ్లకు స్లీవ్ చేస్తే అది ముదరవచ్చు, లేనివాళ్లకు కొత్తగా రావచ్చు. బైపాస్‌లో 30 మిల్లీలీటర్ల చిన్న సంచి చేసి పేగును దానికి కలుపుతారు. చాలా ఏళ్లుగా షుగరు ఉన్నవారికి, రిఫ్లక్స్ ఉన్నవారికి ఇది మెరుగు. బదులుగా విటమిన్ల లోటు ఎక్కువ, నొప్పి మాత్రలు వాడితే, పొగ తాగితే అతుకు దగ్గర పుండ్లు పడతాయి. మన దేశంలో విరివిగా చేసే మినీ బైపాస్‌లో ఒకే అతుకు ఉంటుంది, పేగును ఎక్కువ పొడవు దాటించే కొద్దీ బరువూ పోతుంది, పోషకాలూ పోతాయి. శాకాహారులు ఈ పొడవు గురించి సర్జన్‌ను తప్పక అడగాలి. రోజుకు 60 గ్రాముల ప్రొటీన్ పప్పు, పెరుగుతో చేరుకోవడం చిన్న సంచితో కష్టమైన పని. గుడ్డుకు ఆరు గ్రాములు. చిన్న గిన్నెడు పప్పుకూ దాదాపు అంతే, కానీ కడుపు నింపేది పప్పు కన్నా దాంతో కలిపే అన్నమే. కంచంలో మొదట గుడ్డు, చేప, పనీరు లాంటివి, అన్నం చివర. ఈ క్రమం మారని ఇంట్లో ఆపరేషన్ ఫలితం సగమే.

బరువు తగ్గించే ఇంజెక్షన్లు వచ్చాక ఈ నిర్ణయం ఇంకాస్త క్లిష్టమైంది. మన దేశంలోకి 2025 మార్చిలో మౌంజారో, జూన్‌లో వెగోవీ వచ్చాయి. ట్రయల్స్‌లో వెగోవీలోని మందు సెమాగ్లూటైడ్‌తో సగటున 15 శాతం, మౌంజారోలోని టిర్జెపటైడ్ పెద్ద డోసుతో 20 శాతం దాకా బరువు తగ్గింది. ఆపరేషన్‌తో పావు వంతు, ఇంకొంచెం పైన. మందు మానేస్తే తగ్గిన బరువులో చాలా భాగం తిరిగి వస్తుంది, అంటే నెలనెలా ఖర్చు, అదీ బీమా లేకుండా. మా అభిప్రాయం ఇది: బీఎంఐ 30కి అటూఇటూ ఉన్నవాళ్లు ముందు మందును మనస్ఫూర్తిగా ప్రయత్నించడమే మేలు. 40 దాటి, షుగరు, ఆప్నియా ఉన్నవాళ్లు భయంతో ఏళ్ల తరబడి మందుల మీదే కాలం గడపడం ఆరోగ్యానికీ, డబ్బుకూ నష్టమే.

మద్యం వదలలేనివారికి, చికిత్స తీసుకోని తీవ్ర మానసిక సమస్య ఉన్నవారికి ఈ ఆపరేషన్ వాయిదా వేయాలి. ఆపరేషన్ తర్వాత అదే గ్లాసు రెట్టింపు మత్తు ఎక్కిస్తుంది. పిల్లలు కావాలనుకునే స్త్రీలు 12 నుంచి 18 నెలలు ఆగాలి. పీసీఓడీ వల్ల నెలసరి సరిగా రానివారిలో బరువు తగ్గగానే అండం విడుదల మొదలై అనుకోకుండా గర్భం వస్తుంది, గర్భనిరోధక పద్ధతి ముందే మాట్లాడుకోవాలి.

డిశ్చార్జ్ అయ్యాక రెండు విషయాలు ఇంట్లో అందరికీ తెలియాలి. నాడి నిమిషానికి 120 దాటి కొట్టుకోవడం, జ్వరం, ఎడమ భుజంలోనో పొట్టలోనో నొప్పి ఉంటే లీకు అనుమానం. గ్యాస్ అని ఊరి ఆర్ఎంపీ దగ్గర సూది వేయించుకోకుండా ఆపరేషన్ చేసిన ఆసుపత్రికే వెళ్లాలి. రెండోది, వారాల తరబడి వాంతులవుతుంటే బీ1 విటమిన్ పడిపోయి చూపు మసకబారడం, నడక తూలడం మొదలవుతుంది. అప్పుడు నీరసమని నేరుగా గ్లూకోజ్ ఎక్కిస్తే మెదడుకు ప్రమాదం, ముందు థయామిన్ (బీ1) ఇంజెక్షన్ పడాలి. ఈ మాట డిశ్చార్జ్ కాగితం మీద రాయించుకోండి, రాత్రిపూట చిన్న ఆసుపత్రిలో డ్యూటీ డాక్టరుకు చూపించడానికి. అమెరికా నుంచి సెలవు పెట్టి వచ్చి ఇక్కడ చేయించుకునే మనవాళ్లు పది రోజుల్లో తిరుగు విమానం ఎక్కకూడదు. లీకు భయం ఎక్కువగా ఉండేది మొదటి రెండు వారాల్లోనే, పైగా గంటల తరబడి కూర్చుంటే కాళ్లలో రక్తం గడ్డకట్టే ముప్పు.

క్లెయిమ్ తిరస్కరిస్తే

ప్రణాళిక ప్రకారం చేసే ఆపరేషన్ కాబట్టి ప్రీ-ఆథరైజేషన్ జవాబు చేతికి రాకుండా అడ్మిట్ కావద్దు. కంపెనీ గంటలోపు నిర్ణయం చెప్పాలని 2024 నియమాలు చెబుతున్నాయి. క్యాష్‌లెస్ కాదన్నంత మాత్రాన క్లెయిమ్ చచ్చిపోయినట్టు కాదు, సొంత డబ్బు కట్టి రీయింబర్స్‌మెంట్ వేయవచ్చు. అయితే బీఎంఐ షరతే తీరనప్పుడు ఆ ఆశతో అప్పు చేయకండి. తిరస్కరణ లేఖలో పాలసీలోని ఏ నిబంధన కింద కాదన్నారో రాయమని అడగండి. ‘ఊబకాయ చికిత్స కవర్ కాదు’ అని ఊరికే రాసి, మీ బీఎంఐ 41 ఉంటే, ఎక్స్‌క్లూజన్ 06 మీ పక్షానే ఉంది.

మొదట కంపెనీ గ్రీవెన్స్ అధికారికి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. నెలలోపు జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా బీమా ఫిర్యాదులు తీర్చే ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లవచ్చు. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రెండింటికీ హైదరాబాద్ కార్యాలయమే. తిరస్కరణ తర్వాత ఏడాదిలోపు వెళ్లాలి, 50 లక్షల వరకు క్లెయిములు తీసుకుంటారు, ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు. సర్జన్ లెటర్‌హెడ్ మీది బీఎంఐ, డైటీషియన్ చీటీలు, నిద్ర పరీక్ష, షుగరు రిపోర్టులు తేదీల వరుసలో పెట్టి ఇస్తే వాదించాల్సింది పెద్దగా ఉండదు. అంబుడ్స్‌మన్ తీర్పు మీకు అనుకూలంగా వస్తే కంపెనీ 30 రోజుల్లో అమలు చేయాలి. వ్యతిరేకంగా వస్తే మీకు వినియోగదారుల కమిషన్ దారి ఇంకా తెరిచే ఉంటుంది.